నీళ్లు మార్చుకున్నం, మట్టిని ఎట్ల మార్చుకుంటం?

ఇది కొంచెం పెద్ద పోస్టు. పనులన్నీ అయినంక తీరికగా చదవండి, కానీ మొత్తం చదవండి.

మొన్న ఎండాకాలంల మా ఊరికి ఒకాయన వచ్చిండు. పట్నం నుంచి టిప్పర్లల్ల నల్లటి ఎరువు తెచ్చి చేన్లల్ల ఉత్తగనే పోస్తమన్నడు. డీజిల్ ఖర్చు కూడా వాళ్లదే. మా పక్క చేను తమ్ముడు మస్తు సంబరపడ్డడు. "అన్నా, ఇయ్యాల పశువుల పెంట ట్రాక్టర్ కొనాలంటే వేలు పెట్టాలె. ఉత్తగ వచ్చేదాన్ని కాలితోటి తంతమా?" అన్నడు. నేను ఆ వచ్చినాయనను ఒక్కటే అడిగిన: "ఇండ్ల ఏమేమున్నయో టెస్టు చేసిన కాగితం ఉన్నదా?" ఆయన నవ్విండు. "పెంటకు కాగితమేందన్నా" అన్నడు. మా చెల్కలో పోయనియ్యలే. తమ్ముడు రెండు టిప్పర్లు పోయించుకున్నడు. ఆ రోజు నుంచి నా మీద చిన్న అలక కూడా ఉన్నది.

నేను ఎందుకు వద్దన్ననో చెప్పడానికే ఈ పోస్టు. నా భయం పేరు కాడ్మియం.

కాడ్మియం ఒక లోహం. సీసం, పాదరసం లెక్కనే ఇదీ విషమే. జింకు గనుల్లో జింకుతోపాటే దొరుకుతది. బ్యాటరీలు, రంగులు, లోహాలకు పూత పూసే ఫ్యాక్టరీల్లో వాడుతరు. మంచి నేలలో ఇది సాధారణంగా కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువే ఉంటది. కానీ పురుగుమందులాగ ఎండకు, వానకు ఇది విరిగిపోదు. లోహం కాబట్టి మట్టిలో చేరిందంటే మన మనుమల కాలానికి కూడా ఆడనే ఉంటది. దానికి వాసన లేదు, రుచి లేదు. పంట పచ్చగనే ఉంటది, దిగుబడి తగ్గదు. అందుకే మనకు అనుమానం రాదు.

మొక్క వేరుకు జింకుకూ కాడ్మియంకూ తేడా సరిగ్గ తెలియదు. రెండూ దగ్గరి చుట్టాలు. జింకు తాగే దారిలోనే కాడ్మియం కూడా పైకి పోతది. పాలకూర వంటి ఆకుకూరలు, పొగాకు దీన్ని బాగా గుంజుతయి. వరి కూడా గింజలోకి తీసుకుంటది. అన్నంతోటి, కూరతోటి, బీడీ చుట్ట పొగతోటి అది మన ఒంట్లోకి వచ్చి మూత్రపిండాల్లో కూసుంటది. చేరిన దాంట్లో సగం బయటికి పోవాలంటే పది నుంచి ముప్పై ఏండ్లు పడుతది. మూత్రపిండాలు దెబ్బతింటే ఎముకలు గుల్లబారుతయి. ఇది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లోనే తేల్చింది. ఒంట్లో ఇనుము తక్కువున్నోళ్లకు ఇది ఇంకా ఎక్కువ పడుతది. మన ఇండ్లల్ల రక్తం తక్కువున్నది ఎవరికో చెప్పాల్నా? ఆడవాళ్లకే.

ఎముకల మాట రాంగనే నల్లగొండ, పాలమూరు రైతులకు ఏం యాదికొస్తదో నాకు తెలుసు. ఫ్లోరైడ్. వంగిన నడుములు, వంకర కాళ్లు, పచ్చబడ్డ పండ్లు మనం పుస్తకంల చదివినయి కాదు, కండ్లతోటి చూసినయి. మన రాతిబండల్లోంచే నీళ్లల్లోకి దిగే ఫ్లోరైడ్ అది. ఎవరూ తెచ్చి పోసింది కాదు. తరాలు దెబ్బతిన్నంక కృష్ణ నీళ్లు వచ్చినయి, ఇంటింటికి నల్లాలు వచ్చినయి. ఆలస్యమైనా, వేరే నీళ్లు తెచ్చుకోని ఆ ముప్పు నుంచి బయటపడే దారి దొరికింది.

నేను చెప్పేది గిదే. నీళ్లు చెడిపోతే వేరే నదినుంచి నీళ్లు తెచ్చుకున్నం. మట్టి చెడిపోతే ఏ నదినుంచి తెచ్చుకుంటం?

తెచ్చుకున్నోళ్లు లేరా అంటే ఉన్నరు. జపాన్‌లో తొయామా అనే జిల్లా ఉన్నది. ఆడ జింజు నది కింద వరి పండిస్తరు. పైన కమియోక అనే చోట జింకు, సీసం గని. గని వదిలిన నీళ్లు నదిలో కలిసి పొలాలకు పారినయి. రైతు కుటుంబాల్లో ఆడవాళ్లకు, ఎక్కువగా పిల్లల్ని కన్న పెద్ద వయసు తల్లులకు, దగ్గితే ఎముక విరిగేంత రోగం వచ్చింది. నొప్పికి "ఇటాయ్, ఇటాయ్" అని అరిచేటోళ్లు. అంటే "నొప్పి, నొప్పి" అని. రోగం పేరే ఇటాయ్ ఇటాయ్ అయింది. అది గని కాడ్మియం తోటి వచ్చిన రోగమని 1968లో జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది. అదే ఏడు రైతులు కోర్టుకు పోయి, 1972లో పైకోర్టులో కూడా గెలిచిన్రు. చెడిన పొలాల మట్టిని బాగుచేసే పని 1979లో మొదలుపెడితే 2012 దాకా నడిచింది. రెండు వేల ఎకరాల చిల్లరకు 33 ఏండ్లు! జపాన్ అంత పైసలున్న దేశానికే అంత కాలం పట్టింది. మన మండలంల ఒక్క ఊరికైనా ఎవరన్నా మట్టి మార్చి ఇస్తరా?

మరి మన పొలాల్లోకి ఇది ఎక్కడినుంచి వస్తది? నాకు తెలిసినంతల నాలుగు దార్లు.

మొదటిది నీళ్లు. అనంతగిరి గుట్టల్లో పుట్టినప్పుడు మూసీ మంచిదే. పట్నం దాటినంక దాని రంగు, వాసన మనకు ఎరుకే. ఆ మురుగు, ఆ ఫ్యాక్టరీల నీళ్లే బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ దిక్కు కత్వల మీదుగా కాలువల్లోకి మళ్లి, మన వరికి, గడ్డికి పారుకుంట వాడపల్లి కాడ కృష్ణలో కలుస్తయి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో భార లోహాలు చేరినయని హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు ఇరవై ఏండ్ల కిందనే రాసిన్రు. ఇయ్యాల ఫ్యాక్టరీలు చౌటుప్పల్ దిక్కు, జడ్చర్ల దిక్కు కూడా వచ్చినయి.

రెండోది, టిప్పర్ల మీద వచ్చే బురద, చెత్త ఎరువు. మూడోది భాస్వరం ఎరువు. డీఏపీ, సూపర్ తయారయ్యే రాతి ఫాస్ఫేట్‌లోనే కాడ్మియం కొంత ఉంటది. ఏ దేశపు రాయి అన్నదాన్నిబట్టి ఎక్కువ తక్కువ. నాలుగోది నాసిరకం జింకు సల్ఫేట్. జింకును సరిగ్గ శుద్ధి చేయకపోతే దాని చుట్టం కూడా బస్తాలోనే వస్తది.

ఇప్పుడు లెక్క చూద్దాం. భయపెట్టుడు నా పని కాదు, లెక్క చెప్పుడే.

యూరప్ దేశాలు 2022 జూలై నుంచి ఒక హద్దు పెట్టినయి. ఎరువులోని కిలో భాస్వరానికి, అంటే బస్తా మీద రాసే పీ2ఓ5కు, 60 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ కాడ్మియం ఉండొద్దు. మన 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు. ఆ హద్దు మీద ఉన్న బస్తా అనుకుంటే కాడ్మియం 1.4 గ్రాములు. ఎకరంలో పై అర అడుగు మట్టి తొమ్మిది లక్షల కిలోల దాకా తూగుతది. కాబట్టి ఒక్క బస్తాతోటి కొంపేం మునగదు. మన నేలలో భాస్వరం తక్కువుంటే డీఏపీ వేయాల్సిందే. ఆ మాట నేను కాదనను.

ఇంక టిప్పర్ లెక్క. మన దేశ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్నం చెత్తతోటి చేసిన కంపోస్టులో కిలోకు 5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ కాడ్మియం ఉండరాదు. ఆ హద్దులోనే ఉన్న కంపోస్టు పది టన్నులు పోస్తే ఎకరానికి 50 గ్రాములు. అంటే ఆ డీఏపీ బస్తాలు 36 వేసినట్టు. కారుకో బస్తా, ఏడాదికి రెండు చొప్పున 18 ఏండ్ల డీఏపీ ఒక్కపూట పడ్డట్టు. ఇది టెస్టు పాసైన కంపోస్టు లెక్క. టెస్టే లేని బురదలో ఐదు ఉన్నదా, యాభై ఉన్నదా ఎవరు చెప్పాలె? "పెంటకు కాగితమేంది" అన్నాయన చెప్తడా?

అందుకే వద్దన్న, తమ్ముడా. ఉత్తగ వచ్చిందని కాదు. తిరిగి ఎత్తి పోయలేమని.

ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. "ఇట్ల రాస్తే మన వడ్లు ఎవరు కొంటరు? ఇప్పటికే మూసీ కింద పండిందంటే ధర కోస్తున్నరు" అని. ఆ బాధ నిజం. మూసీ కింద రైతుకు వేరే నీళ్లు ఎక్కడున్నయి? ఆ నీళ్లు ఆయన చెడగొట్టలే. పట్నం చెడగొట్టింది, ఫ్యాక్టరీ చెడగొట్టింది. తప్పు చేసినోడు హాయిగున్నడు, ఆ నీళ్లు పారించుకున్నోడు తల దించుకుంటున్నడు. కానీ దాచిపెడితే నష్టం ముందు ఎవరికి? మన వడ్లు ముందు మన ఇంట్లోనే ఉడుకుతయి. మన పాలు ముందు మన పిల్లలే తాగుతరు. ఫ్లోరైడ్ ఊర్లు కూడా సంబంధాలు పోతయని కొన్నాళ్లు దాచుకున్నయి. దాచుకుంటే నీళ్లు రాలే, చెప్పుకుంటేనే వచ్చినయి.

ఇంకో మాట. "గవర్నమెంటు మట్టి పరీక్ష చేస్తున్నదిగా" అంటరు. చేస్తున్నది. 2015ల మొదలైన భూసార కార్డులో 12 అంశాలు ఉంటయి. ఉదజని, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. పంటకు ఏం తక్కువైందో అది చెప్తది. మనిషికి ఏం ఎక్కువైందో చెప్పదు. కాడ్మియం లేదు, సీసం లేదు. జింకు, ఇనుము కొలిచే పెద్ద ల్యాబుల్లో ఏఏఎస్ అనే మిషన్ ఉంటది. అదే మిషన్ కాడ్మియంను కూడా కొలుస్తది. ఆ లోహానికి సంబంధించిన దీపం ఒకటి మార్చాలె, అంతే. అడిగేటోడు లేక అది కొలుస్తలేరు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తున్న.

ఒకటి, మూసీ ఆయకట్టు ఊర్లల్ల, ఫ్యాక్టరీల చుట్టు ఊర్లల్ల భూసార కార్డులో కాడ్మియం, సీసం కూడా కలపాలె. ప్రతి సర్వే నంబరుకూ అంటలేను. ఊరికి నాలుగైదు నమూనాలు, వాటితోపాటు కాలువ నీళ్లు, పండిన గింజ. దీని మీద గ్రామసభలో తీర్మానం చేద్దాం. ఏఈవోకు, కలెక్టరుకు కాగితం ఇద్దాం.

రెండు, కాగితం లేని బురద, చెత్త ఎరువు ఊరి పొలిమేర దాటి రానియ్యొద్దు. ఒక్కరు వద్దంటే అలకలైతయి. ఊరంతా వద్దంటే అది కట్టుబాటు అయితది.

మూడు, జింజు నది రైతులు కోర్టుల గెలిచి పైసలు మాత్రమే తీసుకోని ఊకోలే. కంపెనీ ఖర్చుతోటి, తమ నిపుణులను ఎంబడి పెట్టుకోని, గనిలోకి పోయి తనిఖీ చేసే హక్కు రాయించుకున్నరు. అప్పటినుంచి ఏటా పోతున్నరు. అసోంటి హక్కు మన ఫ్యాక్టరీ ఊర్లకు ఎందుకుండొద్దు?

మన చేతుల ఉన్న పనులు కూడా ఉన్నయి. కార్డులో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ తగ్గించండి. ఎకరాకు రెండు కిలోల పీఎస్‌బీ, అదే భాస్వరం కరిగించే బ్యాక్టీరియా, పశువుల ఎరువుల కలిపి వేస్తే నేలలో పడి ఉన్నదే పంటకు అందుతది. జింకు సల్ఫేట్ బిల్లు లేకుండ కొనకండి. అందులో కాడ్మియం 0.0025 శాతం దాటొద్దని రూలు ఉన్నది. అనుమానం వస్తే వ్యవసాయ అధికారిని నమూనా తీయమనండి. అట్లని జింకు మానేయకండి. జింకు తక్కువున్న నేలలోనే మొక్క కాడ్మియంను ఎక్కువ గుంజుతది.

మన ఎర్ర చెల్కల్లో బంకమన్ను తక్కువ, సేంద్రియం తక్కువ. లోహాన్ని పట్టి ఉంచే బలం నల్లరేగడికి ఉన్నంత వీటికి లేదు. పశువుల పెంట, పచ్చిరొట్ట వేస్తే ఆ బలం పెరుగుతది. నేల పులుపెక్కితే కాడ్మియం తొందరగ కదులుతది కాబట్టి ఉదజని 6 కన్నా తగ్గిన నేలకు సున్నం సంగతి అడగండి. చెరువు మట్టి చెల్కకు బంగారమే, కానీ ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువైతే టెస్టు లేకుండ తోలకండి. మురుగు పారే పొలంల పాలకూర, తోటకూర వేయకండి. ఆడ వరి వేస్తే పొట్ట దశ నుంచి గింజ పాలుపోసుకునేదాకా మడిల నీళ్లు నిలవాలె. మడి ఆరితేనే మట్టిల ఉన్న కాడ్మియం కరిగి గింజకెక్కుతది. ఆరుతడి పద్ధతి మంచిదే, కానీ మురుగు నీళ్ల నేలకు కాదు.

మా పక్క చేను తమ్ముడు కూడా ఇది చదువుతడని తెలుసు. తమ్ముడా, నీ మీద కోపం లేదు. ఆ రెండు టిప్పర్ల కాడ మట్టి, దూరంగ పోయని కాడ మట్టి, రెండు సంచులు తీసిపెట్టు. ల్యాబు ఖర్చు నేను సగం పెట్టుకుంట. మంచిగ వస్తే నా మాట తప్పని ఇదే పేజీల రాస్త. చెడ్డగ వస్తే ఆ కాగితం పట్టుకోని ఇద్దరం కలిసి గ్రామసభకు పోదాం.

మిగతా అన్నలు, అక్కలు మీ ఊర్ల ఇట్లాంటి టిప్పర్లు వస్తున్నయా, మీ కాలువ నీళ్లు ఎట్లున్నయో కింద రాయండి. మీ ఊరి గ్రూపుల ఈ పోస్టు పెట్టండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో కూడా రాయండి.