మూతబడిన మిల్లు భవనాలకు పునరుపయోగం: సాల్టెయిర్, వరంగల్, చిట్టివలస అనుభవాలు

మాడుగుల: ఒక పరిశ్రమ మూతబడినప్పుడు కార్మికుల ఉపాధి, బకాయిల గురించి చర్చ జరగడం సహజం. ఆ పరిశ్రమ నడిచిన భవనం ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా, తరచుగా వేలం ప్రకటన వెలువడే వేళకు గాని ముందుకు రాదు. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన మాడుగుల, చోడవరం ప్రాంతాలకు చెరకే ప్రధాన ఆధారం. తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారం మూతబడిన అనుభవం ఈ జిల్లాకు ఉంది. అందువల్ల మిల్లు భవనాలను కాపాడుకున్న, కోల్పోయిన ఉదాహరణలను ఇక్కడ పరిశీలించడం సముచితం.

ఉన్ని మిల్లు కళాకేంద్రమైన తీరు

ఇంగ్లాండులో బ్రాడ్‌ఫర్డ్ నగరానికి వెలుపల, ఎయిర్ నది ఒడ్డున టైటస్ సాల్ట్ అనే పారిశ్రామికవేత్త నిర్మించిన ఉన్ని మిల్లు 1853లో ప్రారంభమైంది. సరుకు రవాణాకు ఒకవైపు కాలువ, మరొకవైపు రైలుమార్గం ఉన్న స్థలాన్ని ఆయన ఎంచుకున్నారు. లాక్‌వుడ్, మాసన్ అనే వాస్తుశిల్పులు ఇటలీ శైలిలో రాతి భవనాన్ని రూపొందించారు. దక్షిణ ముఖం పొడవు 545 అడుగులు. నూనె, ఉన్ని కలిసిన చోట అగ్ని ప్రమాదం ఎక్కువ గనుక అంతస్తులను కలపతో కాక పోత ఇనుప స్తంభాలు, ఇటుక కమానులపై నిలిపారు. పనికి వెలుతురు అవసరం గనుక వరుసగా పెద్ద కిటికీలు అమర్చారు. కార్మికుల కోసం ఇళ్లు, పాఠశాల, ఆసుపత్రితో సాల్టెయిర్ అనే గ్రామమే వెలసింది.

ఆ మిల్లు 1986 ఫిబ్రవరిలో మూతబడింది. మరుసటి ఏడాదే జొనాథన్ సిల్వర్ అనే వ్యాపారి దానిని కొనుగోలు చేసి, చిత్రకారుడు డేవిడ్ హాక్నీ చిత్రాలతో ప్రదర్శనశాలను ప్రారంభించారు. తదుపరి పుస్తకాల దుకాణం, భోజనశాలలు, ఎలక్ట్రానిక్స్ సంస్థ వచ్చాయి. 2001లో యునెస్కో సాల్టెయిర్ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మగ్గాల కోసం కట్టిన దృఢత్వం, అడ్డుగోడలు లేని విశాలత, వెలుతురు - ఈ మూడు గుణాలే కొత్త వినియోగానికి అనుకూలించాయన్నది గమనార్హం.

వరంగల్ నేర్పిన పాఠం

మన తెలుగు ప్రాంతంలో ఇందుకు భిన్నమైన అనుభవం వరంగల్‌లోని ఆజంజాహీ మిల్లుది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1934లో స్థాపితమైన ఈ నూలు, వస్త్ర పరిశ్రమ అనంతరం జాతీయ జౌళి సంస్థ అధీనంలోకి వెళ్లింది. నష్టాల కారణంగా మూతబడిన తర్వాత మిల్లు భూమిలో అధిక భాగం నివాస స్థలాలుగా మారింది. 2017లో వరంగల్ సమీపాన కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. అంటే జౌళి పరిశ్రమ తిరిగి వచ్చింది గాని, తరతరాల కార్మికులకు అన్నం పెట్టిన పాత మిల్లు మాత్రం తిరిగి రాలేదు.

చిట్టివలస ముందున్న ప్రశ్న

విశాఖపట్నం జిల్లాలో భీమునిపట్నం సమీపాన, గోస్తనీ నదీ తీరాన గల చిట్టివలస జూట్ మిల్లు 1867 నాటిది. ఉత్తరాంధ్ర రైతులు పండించిన గోగునార ఈ రేవు పేరుమీదనే ‘బిమ్లీ జూట్’గా విదేశీ మార్కెట్లలో ప్రసిద్ధి పొందింది. ఆహారధాన్యాలు, చక్కెరకు జనపనార సంచుల వాడకాన్ని తప్పనిసరి చేసేందుకు 1987లో కేంద్రం చట్టం తెచ్చినప్పటికీ, ప్లాస్టిక్ సంచుల పోటీ ఈ పరిశ్రమను వెంటాడింది. 2009లో యాజమాన్యం చిట్టివలస మిల్లుకు లాకౌట్ ప్రకటించింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి చర్చ అంతా కార్మికుల బకాయిల చుట్టూనే సాగింది. అది న్యాయమైనదే. అయితే శతాబ్దిన్నర చరిత్ర గల ప్రాంగణం భవిష్యత్తుపై ఆలోచనకు అందులో చోటు దక్కలేదు.

పరిశీలించదగిన అంశాలు

ఈ మూడు అనుభవాల నుంచి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. మొదటిది, కార్మికులు, రైతుల బకాయిలు తీరకుండా భవన పరిరక్షణ గురించి మాట్లాడితే దానికి స్థానికుల మద్దతు లభించదు. రెండవది, కాలమే కీలకం. పైకప్పు కారడం మొదలైన భవనాన్ని నిలబెట్టే ఖర్చు ఏటా పెరుగుతుంది. సాల్టెయిర్‌కు కలిసివచ్చినది మూతకు, కొనుగోలుకు మధ్య వ్యవధి తక్కువ కావడమే. మూడవది, వేలానికి ముందే భవనాల కొలతలు, నక్షలు, ఛాయాచిత్రాలు, యంత్రాల వివరాలు నమోదు చేయడం స్వల్ప వ్యయంతో సాధ్యమయ్యే పని. నాలుగవది, కొత్త వినియోగం స్థానికులకు ఉపాధి కల్పించేదిగా ఉండాలి. గిడ్డంగి, శిక్షణ కేంద్రం, చేనేత విక్రయశాల, ప్రదర్శనశాల వంటివి ఏ ప్రాంతానికి ఏది తగునో అక్కడివారితో సంప్రదించి నిర్ణయించవలసి ఉంటుంది.

ప్రతి పాత కర్మాగారాన్నీ కాపాడటం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కాని కూల్చాలన్న నిర్ణయం కూడా పరిశీలన తర్వాతే జరగాలి. మూతబడిన పరిశ్రమల ఆస్తుల విలువ కట్టేటప్పుడు భూమితో పాటు భవనాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, గ్రామీణ ప్రాంతాల్లో కోల్పోయిన ఉపాధిలో కొంతైనా అదే ప్రాంగణంలో తిరిగి కల్పించే అవకాశం మిగులుతుంది.