పాట పాడమని కాదు, ఎలా కట్టావో అడగండి

ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్లు ఎక్కడివి? వశిష్ఠ నుంచి చీలినవి. వశిష్ఠ ధవళేశ్వరం దిగువన గోదావరి నుంచి చీలింది. ఇంకా పైకి వెళ్తే పోలవరం, పాపికొండలు, కూనవరం దగ్గర వచ్చి కలిసే శబరి. అంటే కోయల ఊళ్లు, కొండరెడ్ల ఊళ్లు చూసుకుంటూ వచ్చిన నీళ్లే ఓడలరేవులో ఉప్పునీళ్లవుతున్నాయి.

ఇప్పుడు రచయితలతో జరిగే ముఖాముఖిలు గుర్తు చేసుకోండి. కోనసీమ రచయిత దొరికితే చాలు, మొదటి ప్రశ్న రెడీగా ఉంటుంది: "ఈ కొబ్బరితోటలు, ఈ గోదారి మీ రచనకి ప్రేరణ కదండీ?" ఆయన అవునంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ గోదారి ఎవరి గడపల ముందు నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. పైన కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు మునిగాయి. కింద కోనసీమ లంకలూ మునిగాయి. వరద ఒకటే. సాహిత్యంలో మాత్రం పైది వార్త, కిందది కవిత్వం.

ప్రశ్నలోనే రాజకీయం ఉంటుందని చెప్పడానికే ఇదంతా.

బయటి రచయిత మన అడవికి వచ్చి నాలుగు నెలలు ఉండి నవల రాస్తాడు. ఆయన్ని ఏమడుగుతారు? ఎలా మొదలుపెట్టారు, ఎన్నిసార్లు తిరగరాశారు, ఆ పాత్రని ఎందుకు చంపేశారు, ముగింపు ముందే తెలుసా అని. అదే మన పిల్ల పుస్తకం రాస్తే? మీ పెళ్లిళ్లు ఎలా జరుగుతాయి, మీ దేవతలెవరు, మీ భాషలో ఒక పాట పాడండి అని. ఆయనకి శిల్పం. మనకి సమాచారం. ఆయన రచయిత, మనం సాక్షులం. పుస్తకం రాసినా కూడా మనం సాక్షులమే!

దీనివల్ల నష్టమేంటి, గౌరవంగానే అడుగుతున్నారుగా అనొచ్చు. నష్టం ఉంది. సమాచారం ఇచ్చేవాడికి కల్పించే హక్కు ఉండదు. సంతాల్ రచయిత హాఁస్దా సౌవేంద్ర శేఖర్ కథల పుస్తకం 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్'ని 2017లో జార్ఖండ్ ప్రభుత్వం నిషేధించింది. డాక్టరుగా ఆయన చేస్తున్న సర్కారు ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. సంతాల్ స్త్రీలని కించపరిచాడన్నది ఆరోపణ. ఆ కోపంలో మనవాళ్లూ ఉన్నారు, దాచడం ఎందుకు. కథ నచ్చకపోతే తిట్టొచ్చు, జవాబుగా ఇంకో కథ రాయొచ్చు. కానీ ఒక కథలోని ఒక స్త్రీని పట్టుకుని జాతి మొత్తం మీద ఇచ్చిన రిపోర్టులా చదివారు. మిగతా రచయితలు రాస్తే పాత్ర, మనం రాస్తే జాతి. ఈ చదువు బయటివాళ్లు నేర్పిందే, మనకీ అంటుకుంది.

కేరళలో నారాయణ్ అనే మలయరయ రచయిత ఉండేవాడు. తపాలా శాఖ ఉద్యోగి. తన జనం గురించి బయటివాళ్లు రాసింది నచ్చక తనే కలం పట్టాడు. 1998లో అచ్చయిన ఆయన నవల 'కొచ్చరేత్తి'కి కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన దగ్గర మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు రాశాడు. ఆ కథ అక్కడే ఎందుకు ఆపావు, ఆ మాట తెలుగులో పెట్టాలా సొంత భాషలోనే ఉంచాలా అని ఎంత తన్నుకున్నావు అని ఇలాంటి రచయితలని అడిగే సభలు ఎన్ని?

అయితే బయటివాళ్లు మన గురించి రాయకూడదా? రాయొచ్చు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఆ పేరుని ఎంతోమంది తెలుగు పాఠకులకి చేర్చింది. ఆ మేలు కాదనం. కానీ మన మీద రాసే ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరి దగ్గర విన్నావు? రాసింది వాళ్లకి తిరిగి చదివి వినిపించావా? పుస్తకంలో వాళ్ల పేరు ఎక్కడుంది? ఈ మూడింటికీ జవాబు ఉన్న రచయిత మనవాడే. లేనివాడు ఎంత ప్రేమగా రాసినా, మన అడవిలో సేకరించుకుపోయిన తునికాకు కట్టలాంటిదే ఆ పుస్తకం.

ఇక్కడ ఇంకో మాట. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం భూమి హక్కుకి ఏవేవి సాక్ష్యాలుగా పనికొస్తాయో ఒక జాబితా ఉంది. హక్కు అడిగేవాళ్లు కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాట, రాతలో పెడితే, అందులో ఒక సాక్ష్యం. మన ముసలమ్మ నోటిమాటని చట్టం నమ్మింది. సాహిత్యం ఇంకా నమ్మలేదు. ఆమె పాడితే 'జానపదం' అని, రచయిత పేరు దగ్గర ఖాళీ వదిలేసి, 'సేకరణ' అని ఇంకొకరి పేరు వేస్తారు. ఆ పాటలో వాగు పేరుంది, గుట్ట పేరుంది, ఎవరి తాత ఎక్కడ పోడు కొట్టాడో ఉంది. పోలవరం కింద సుమారు లక్ష కుటుంబాలు ఊళ్లు వదలాలి. ఊరు మునిగాక ఆ పేర్లు మిగిలేది ఆ నోట్లోనే. అందుకే ఇది సాహిత్య చర్చ ఒక్కటే కాదు, జాగా చర్చ కూడా.

మీకు రాత లేదు కదా, అందుకే రచయితలు లేరు అని ఒక పాత వాదన ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో గోండి లిపిలో చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. రాత లేకపోవడం కాదు, మీరు చూడకపోవడం. అయినా రాత లేకపోతే మాత్రం? ఓడలరేవులో వల లాగుతూ పదం అందుకునే మత్స్యకారుడు, ఆ రోజు అలని బట్టి, పక్కనున్న మనిషిని బట్టి, మాట మారుస్తాడు. అది తిరగరాయడం కాదా? ఆ నదికి అవతలి గట్టున మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నై' కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వాడ గురించి రాశాడని మాత్రమే ఆయన్ని తలుచుకుంటే సగం మనిషినే చూసినట్టు. వాడ ఆయన విషయం. ఆయన కవి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరో వచ్చి మైకు పెడతారని చూడొద్దు. మీ చేతిలో ఫోన్ ఉంది. మీ అవ్వ దగ్గర కూర్చోండి. తెలుగులో కాదు, ఆమె భాషలో మాట్లాడించండి. పాట పాడమని మొదలెట్టకండి. ఈ పాట నీకు ఎవరిచ్చారు? ఇందులో నువ్వు కలిపిన మాట ఏది, తీసేసిన మాట ఏది? పిల్లలకి చెప్పేటప్పుడు కథ ఎక్కడ మారుస్తావు, పెద్దలకి ఎక్కడ ఆపుతావు? ఎక్కడైనా పెట్టేముందు ఆమెకి వినిపించి ఒప్పుకుంటేనే పెట్టండి. పైన ఆమె పేరు రాయండి. 'సేకరణ' అని మీ పేరు పెద్దక్షరాల్లో వేసుకోకండి, ఆ జబ్బు మనకొద్దు.

నేనేం కట్టాను, మా పెద్దోళ్లు పాడిందే పాడాను అంటుంది ఆమె. ఇన్నాళ్లూ ఆమెని ఎవరూ రచయితగా అడగలేదు, అందుకే అలా అంటుంది. నవ్వి ఊరుకోకండి. మళ్లీ అడగండి.