త్రుప్పు పట్టని యుక్కు

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట ప్రాంతములలో ఆవకాయ దినములు వచ్చినవనగా ప్రతి యింటను ఉప్పు, కారము, ఆవపిండి, నూనె సిద్ధమగును. పాత్ర విషయమున మన పూర్వులకు సందేహమే లేకుండెను. ఊరగాయకు జాడీ. ఇత్తడి గిన్నెలో పులుసు కాచవలెనన్న కళాయి పూయింపవలెను. లేనిచో కిలుము పట్టును. ఇనుప కత్తిపీటపై కోసిన పచ్చికాయ నల్లబడుట ఎల్ల గృహిణులకును తెలిసినదే. నేడు ఇత్తడి తగ్గినది, కళాయివాడు అరుదైనాడు, జాడీ అటక నెక్కుచున్నది. ఆ చోట స్టీలు నిలిచినది. "దీనికి త్రుప్పు పట్టదు" అన్న యొక్క మాటను నమ్మి జనులు దానిని కొనుచున్నారు. ఆ మాట యెంతవరకు నిజమో విచారింపవలసియున్నది.

1913లో ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణమున హారీ బ్రేర్లీ, తుపాకి గొట్టములు త్వరగా నరిగిపోకుండుటకై ఉక్కులో క్రోమియము కలిపి పరీక్షించుచుండగా ఈ గుణము ఆతని కంటబడినది. జర్మనీలో క్రప్ కంపెనీవారు నికెలు కూడ చేర్చిన యుక్కునకు 1912లోనే పేటెంటు కోరియుండిరి. నూటికి పదిన్నర పాళ్లకు తగ్గకుండ క్రోమియ మున్నచో, అది గాలిలోని ప్రాణవాయువుతో గలిసి లోహముపై కంటికి గానరాని పొరగా నేర్పడును. గీచినను, తోమినను ఆ పొర తిరిగి తానే కట్టుకొనును. ఇత్తడికి కళాయి మనము పూయునది. ఈ యుక్కునకు కళాయి లోననే పుట్టుచున్నది.

ఆ పొరకు శత్రువు ఉప్పు. ఉప్పులోని క్లోరైడు అక్కడక్కడ పొరను భేదించి సూదిమొనంత గుంటలు చేయును. పులుపు దానికి తోడగును. ఒక పూట కూర వండి కడిగిన గిన్నెకు భయము లేదు. ఆవకాయ ఊట నెలల తరబడి నిలిచిన డబ్బాకు భయము కలదు. 304 అను రకములో క్రోమియము సుమారు 18 పాళ్లు, నికెలు 8 పాళ్లు ఉండును. వంటకును, మామిడిగుజ్జు కాచు తొట్లకును సాధారణముగా నిది చాలును. 316 అను రకములో మాలిబ్డినము 2 మొదలు 3 పాళ్ల వరకు చేరుటచే ఉప్పునకు ఎక్కువ యోర్చును. ఇక 200 తరగతిలో నికెలు తగ్గించి మాంగనీసు, నత్రజని చేర్చెదరు. మెరుపు సమానము, వెల తక్కువ. ఉప్పు పులుపుల యెదుట నిలుకడ యంతకంటె తక్కువ.

అంగడిలో అయస్కాంతము చూపి "అంటుకొనలేదు గాన మేలిరకము" అనుట పరిపాటి. ఈ పరీక్ష వట్టిది. 200 తరగతికిని అయస్కాంత మంటదు. నికెలు లేని 430 రకమున కంటును, కాని క్రోమియము దానిలో 16 పాళ్లకు తక్కువ లేదు. అసలైన 304 రేకు సైతము గిన్నెగా సాగదీసినపుడు వంపుల యొద్ద కొంచె మంటుకొనును.

నికెలునకు మన దేశము పరదేశములపై నాధారపడియున్నది. క్రోమైటు మాత్రము ఒడిశాలోని సుకింద లోయలో విస్తారముగా దొరకుచున్నది. మన కొండపల్లి కొండలలోను ఆ ఖనిజము గలదు. (2022లో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది గాని, అంతకు మున్ను ఈ రెండూళ్లును కృష్ణా జిల్లాలోనివే.) కావున నికెలు పొదుపు చేసిన యుక్కును మేము నిందింపము. నీళ్ల చెంబునకు, అన్నపు పళ్లెమునకు అది తగియేయున్నది. చవుకరకమును 304 అని చెప్పి ఆ వెలకు అమ్ముట మోసము. దానిని సహింపరాదు.

స్టీలు పాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యని కేంద్రప్రభుత్వమువారు 2024 మార్చి 14న ఉత్తరువు చేసిరి. మంచిపని. కాని ముద్ర చూచినంతనే తృప్తిపడక, రకమేదో అంకెతో బిల్లుపై వ్రాయుమని కొనువారు పట్టుపట్టవలెను. వ్రాయుటకు వెనుదీయు అంగడిని విడిచి వేరొక యంగడికి పోవచ్చును. ఊరగాయ లమ్ముకొని జీవించు స్త్రీల సంఘములు తొట్లు కొనునపుడు ఈ జాగ్రత్త మరింత యవసరము. ఒక్క తొట్టి గుంటలుపడిన నొక యేటి లాభము పోవును.

కాయ కోయుటకు స్టీలు కత్తి, కలుపుటకు స్టీలు పళ్లెము వాడుడు, అభ్యంతరము లేదు. కలిపిన వెంటనే పళ్లెమును కడుగుడు. ఊరుటకు మాత్రము జాడీయే తగినది. అటకపై నున్నవారు ఇప్పుడే దింపి, కడిగి, తడి లేకుండ నెండబెట్టుకొనవలెను.