ముందుగా వెనక మూత విప్పించండి

ఏటా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసేసరికి తెలుగు రాష్ట్రాల్లో వేల ఇళ్ళలో ఒకటే చర్చ. బీటెక్‌లో సీటొచ్చింది, ఇక ల్యాప్‌టాప్ కొనాలి. అక్క డిగ్రీ రోజుల్లో వాడినది ఒకటి బీరువా మీద ఉంటుంది. ఆన్ చేస్తే తెర మీదికి బొమ్మలు రావడానికే మూడు నిమిషాలు. ఛార్జర్ పీకితే పావుగంట కూడా ఆగదు. "దాని పని అయిపోయింది, పిల్లాడి చదువుకు ఆగదు" అని ఇంటి పెద్ద తేల్చేస్తాడు. వారం తిరక్కుండా యాభై, అరవై వేల రూపాయల కొత్త యంత్రం వాయిదాల మీద ఇంటికొస్తుంది. పాతది ఎందుకు నెమ్మదించిందో మాత్రం ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న అడగడం ప్రతి ఇంటికీ అలవాటు కావాలన్నదే ఈ కరపత్రం కోరిక. కొత్తది కొనే ముందు పాతదాని వెనక మూత విప్పించి, ఏ భాగం అలసిపోయిందో చూడాలి. అలా విప్పి బాగుచేసుకునే వీలున్న యంత్రాలే బజారులోకి వచ్చేలా ప్రభుత్వం చట్టం చెయ్యాలి. మొదటిది మన చేతిలో ఉంది, రెండోది మనం అడిగితే వచ్చేది.

2018, 2019 ప్రాంతంలో మన షాపుల్లో విరివిగా అమ్ముడైన ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. ఇంటెల్ ఐ3 లేదా ఐ5 ఎనిమిదో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇందులో ప్రాసెసర్ ఈనాటికీ సి, పైథాన్ ప్రోగ్రాములు రాయడానికీ, ఆన్‌లైన్ క్లాసులకూ, ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయడానికీ సరిపోతుంది. కాళ్ళకు అడ్డం పడుతున్నది హార్డ్ డిస్క్. దాని లోపల నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్ళెం ఉంటుంది, అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీ సెకన్లు. దాన్ని చదివే ముల్లు సరైన వరసకు జరిగి, కావలసిన చోటు దాని కిందికి తిరిగి వచ్చేసరికి దాదాపు 15 మిల్లీ సెకన్లు పడుతుంది. ఆ లెక్కన అక్కడొకటి ఇక్కడొకటిగా పడి ఉన్న చిన్న ఫైళ్ళను సెకనుకు అరవై, డెబ్బై మించి తీయలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేలల్లో. తాలూకా ఆఫీసు రికార్డు గదిలో ఒక్కడే గుమాస్తా ఉండి, వరండాలో వెయ్యి మంది నకళ్ళ కోసం నిలబడితే ఎలా ఉంటుందో లోపల అలా ఉంటుంది.

దీన్ని ఎవరికి వారే చూసుకోవచ్చు. యంత్రం మొరాయిస్తున్న సమయంలో టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ ఎదురుగా 100 శాతం, ప్రాసెసర్ ఎదురుగా పదో పదిహేనో శాతం కనబడుతుంది. మెదడు ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. దానికి తోడు ర్యామ్ 4 జీబీయే కావడం వల్ల బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి నిండిపోతుంది. అప్పుడు విండోస్ మిగిలినదాన్ని అదే డిస్క్ మీదికి నెడుతుంది. ఉన్న గుమాస్తాకే ఇంకో పని.

ఆ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే తిరిగే పళ్ళెమూ ఉండదు, జరిగే ముల్లూ ఉండదు. ఒక్కో ఫైలు మిల్లీ సెకనులో పదో వంతులో దొరుకుతుంది. మూడు నిమిషాలకు లేచే యంత్రం అర నిమిషంలోపే లేస్తుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే ఆ సముదాయంలో, ఈ పని చేసే కుర్రాళ్ళకు ఇది రోజువారీ వ్యవహారం. స్క్రూలు విప్పడం, మార్చడం, విండోస్ ఎక్కించడం అంతా కలిపి ఒక పూట పని. తీసేసిన హార్డ్ డిస్క్‌ను కేసింగ్‌లో పెట్టి ఇస్తే ఇంటి ఫొటోలు దాచుకునే బ్యాకప్ డిస్క్ అవుతుంది. జిల్లా కేంద్రాల్లోనూ ఈ పనివాళ్ళున్నారు, రిపేరు మన దగ్గర బతికున్న వృత్తి. దాన్ని వదిలేసి పెట్టె మొత్తం మార్చేస్తున్నాం.

బ్యాటరీ కథ ఇంకా తేలిక. లిథియం అయాన్ బ్యాటరీ సాధారణంగా 300 నుంచి 500 పూర్తి ఛార్జీల తర్వాత మొదటి శక్తిలో ఐదో వంతు పోగొట్టుకుంటుంది. మూడేళ్ళు దాటాక అది తగ్గిపోవడం యంత్రం చెడిందనడానికి గుర్తు కాదు, టార్చిలైటు సెల్లు అయిపోయినట్టే. మార్చుకోవాలి. కాకపోతే ఇక్కడ చౌకకు పోకూడదు. బీఐఎస్ గుర్తు, బిల్లు, గ్యారంటీ మూడూ ఉన్నదే వేయించాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా ఆ క్షణమే ఛార్జింగ్ ఆపి షాపుకు తీసుకుపోవాలి. ఉబ్బిన బ్యాటరీకి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

ఈమధ్య జనాన్ని కొత్తదాని వైపు తోస్తున్న పెద్ద భయం విండోస్ 10. 2015 జూలైలో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ముగించింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ తర్వాతివే ప్రధానంగా అర్హమైనవి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ప్రాసెసర్ పేరులో ఐ5 తర్వాత 8250 అనో 8265 అనో ఉంటే అది ఎనిమిదో తరమే, విండోస్ 11 ఎక్కుతుంది. టీపీఎం లేదని యంత్రం చెబితే అది యంత్రం లేచేటప్పుడు తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లో ఆపేసి ఉండవచ్చు, ఆన్ చేస్తే సరిపోతుంది. ఏడో తరం, అంతకు ముందువి ఉన్నవాళ్ళకు వ్యక్తిగత కంప్యూటర్లకైతే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు అందించే అదనపు పథకాన్ని మైక్రోసాఫ్టే పెట్టింది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో సెట్టింగులను బ్యాకప్ చేసుకుంటే విడిగా డబ్బు కట్టనక్కర్లేదు.

ఆ గడువు తర్వాతా దారి ఉంది. లినక్స్ మింట్, ఉబుంటు వంటివి ఉచితం, పాత ప్రాసెసర్ల మీదా చక్కగా నడుస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులోనే మెనూలు కనిపించే లినక్స్ రూపాన్ని ఏనాడో తెచ్చారు. కేరళలో ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ కైట్ అక్కడి బడుల కంప్యూటర్లను లినక్స్ మీదే నడుపుతోంది, అక్కడి పదో తరగతి పిల్లలు దానిమీదే ఐటీ నేర్చుకుంటున్నారు. కేరళ పిల్లలకు చాతనైనది మన పిల్లలకు చాతకాదనడానికి కారణం లేదు. అయితే ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్ళకూ, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు కంపోజ్ చేసే డీటీపీ వాళ్ళకూ లినక్స్ కుదరదు. అది దాచి చెబితే అన్యాయం.

కొత్తది కొనవలసిన సందర్భాలూ ఉన్నాయి. మదర్‌బోర్డు పోతే, తెరా హింజులూ రెండూ విరిగితే, బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే ఇక ఆ యంత్రం మీద డబ్బు పెట్టడం దండగ. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్, మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్ళకు వేరే గ్రాఫిక్స్ కార్డు కావాలి, దాన్ని పాత ల్యాప్‌టాప్‌లో బిగించలేం. కానీ బీటెక్ మొదటి ఏడాది విద్యార్థికి ఇవేవీ అవసరం పడవు. మూడో ఏడాదిలో ఏ దారిన పోవాలో తేలాక కొంటే, అదే డబ్బుకు రెండేళ్ళు కొత్తదైన యంత్రం వస్తుంది. ఎస్ఎస్‌డీ, బ్యాటరీ రెండూ మార్పించినా మధ్యరకం ల్యాప్‌టాప్ ధరలో మూడో వంతు దాటడం అరుదు.

ర్యామ్ విషయంలో మాత్రం తొందరపడకూడదు. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. రిపేరు షాపుల్లో ఎప్పుడూ కనిపించే క్రూషియల్ బ్రాండ్ అమ్మకాల నుంచి తప్పుకుంటున్నట్టు దాని యజమాని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కొత్త ల్యాప్‌టాప్‌లలోనూ అదే మెమరీ ఉంటుంది కాబట్టి వాటి ధరకూ ఆ సెగ తగులుతుంది. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి ఇది ఇంకో కారణం. ముందు ఎస్ఎస్‌డీ వేయించి, కొన్నాళ్ళు వాడి, అప్పటికీ చాలకపోతేనే ర్యామ్ సంగతి చూడాలి.

ఇంతవరకూ చెప్పినదంతా విప్పడానికి వీలున్న యంత్రం గురించి. ఏటేటా అలాంటివి తగ్గిపోతున్నాయి. పలచగా, తేలికగా ఉండాలన్న పేరుతో ర్యామ్‌ను మదర్‌బోర్డుకు అతికించి సోల్డర్ చేసేస్తున్నారు. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఎన్నో ఏళ్ళుగా అంతే, ఇప్పుడు విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ చాలావాటిది అదే దారి. అలాంటిది 8 జీబీతో కొన్నవాళ్ళు చివరిదాకా 8 జీబీతోనే ఉండాలి. ఈ సంగతి షాపులో ఎవరూ నోరు విప్పి చెప్పరు, పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండదు. కొనేవాడికి తెలియకుండా రేపటి ఖర్చును ఈరోజే అతని నెత్తిన పెట్టడం సరైన వ్యాపారం కాదు.

ఫ్రాన్స్ దీనికి ఒక దారి చూపింది. ల్యాప్‌టాప్, సెల్‌ఫోన్, టీవీ వంటి వాటి మీద, ధర పక్కనే, పదికి ఎన్ని మార్కులో రాసి అమ్మాలన్న నిబంధనను 2021 జనవరి 1న అక్కడ అమల్లోకి తెచ్చారు. విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధరెంత వంటివి ఆ మార్కులకు ఆధారం. ఇండియా కూడా మొదలుపెట్టింది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులకు ఇలాంటి మార్కుల పద్ధతి మీద మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక చట్టం కావాలి, ల్యాప్‌టాప్ అందులో తప్పక ఉండాలి. మన ఎంపీలు పార్లమెంటులో అడగవలసిన ప్రశ్న ఇది.

రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు. బడులకూ కార్యాలయాలకూ కంప్యూటర్లు కొనే టెండరులోనే, ర్యామ్ స్లాటులో ఉండాలి, బ్యాటరీ స్క్రూలతో ఊడిరావాలి, విడిభాగాలు ఏడేళ్ళు దొరకాలి అని షరతు పెట్టవచ్చు. వేల యంత్రాలు కొనే ఖాతాదారు మాట కంపెనీలు వింటాయి. ఇంజనీరింగ్ కాలేజీలు మొదటి సెమిస్టర్ మొదలైన వారంలో ఊళ్ళోని మెకానిక్‌లను పిలిచి రిపేరు శిబిరం పెట్టాలి. కంప్యూటర్ సైన్స్ చదవబోయే పిల్లలు పుస్తకంలో బొమ్మ చూడకముందే ర్యామ్ స్లాటును చేత్తో తాకుతారు, వాయిదాలు కట్టలేని తల్లిదండ్రులకు ఊపిరి ఆడుతుంది.

ప్రపంచంలో 2022 ఒక్క ఏడాదే 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందనీ, అందులో నాలుగో వంతు కూడా సక్రమంగా రీసైకిల్ కాలేదనీ ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్క చెప్పింది. ల్యాప్‌టాప్ వల్ల వెలువడే కార్బన్‌లో సింహభాగం దాన్ని తయారుచేసేటప్పుడే వెలువడుతుంది. వాడకంలో కరెంటు ఆదా చేసే కొత్త మోడల్ కొనడం కంటే పాతదాన్ని ఇంకో మూడేళ్ళు నడపడమే మేలు.

ఈ కరపత్రం చేతికందినవాళ్ళు ఈ ఆదివారం బీరువా మీది ల్యాప్‌టాప్‌ను కిందికి దించండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి ఎన్ని స్లాట్లున్నాయో, డిస్క్ పేజీలో అది హార్డ్ డిస్కో ఎస్ఎస్‌డీయో చూసి కాగితం మీద రాసుకోండి. ముఖ్యమైన ఫైళ్ళు వేరేచోట దాచి, నమ్మకమైన మెకానిక్ దగ్గరకు ఆ కాగితంతో వెళ్ళండి. తప్పనిసరై కొత్తదే కొనాల్సివస్తే ధర అడిగే ముందు ర్యామ్ స్లాటులో ఉందా, సోల్డర్ చేసిందా అని అడగండి. అమ్మిన కంపెనీ విడిభాగం లేదని తిప్పి పంపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.