మెకానిక్ షెడ్డు శిక్ష కాదు

"సరిగ్గా చదవకపోతే మెకానిక్ షెడ్డులో పెట్టిస్తాను, జాగ్రత్త!" ఈ మాట మీలో చాలామంది ఇంట్లోనో బడిలోనో వినే ఉంటారు. సైన్సు చెప్పే మేస్టరునై ఉండి నేనూ ఈ మాట చాలాసార్లు అన్నాను. అది తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. ఎందుకు తప్పో మీ ముందు ఒప్పుకోవటం న్యాయం కదా!

బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు మీద చిన్న షెడ్డు ఉంది. ఒకనాడు అటుగా పోతుంటే ఒక పాత అంబాసిడరు కారు బానెట్ ఎత్తి ఉంది. లోపలికి వంగి పనిచేస్తున్నవాడు నా పాత విద్యార్థి. పదో తరగతిలో రసాయన సమీకరణాలు తుల్యం చేయటం రాక నా చేత చీవాట్లు తిన్నవాడు. "రండి మేస్టారూ, కూర్చోండి" అని స్టూలు తుడిచి వేశాడు. ఇంజనులోంచి స్పార్కు ప్లగ్గు ఒకటి విప్పి నాకు చూపించాడు. "చూశారా, మసి పట్టింది. పెట్రోలు ఎక్కువ పోతోంది, గాలి చాలటం లేదు. ఇదే తెల్లగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. బిస్కట్టు రంగులో ఉంటే సరిపోయినట్టు."

నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. నేను నల్లబల్ల మీద రాసి అతనికి నేర్పలేకపోయిన సమీకరణాన్నే అతను ప్లగ్గు మీద చదువుతున్నాడు!

ఆ సమీకరణం ఏమిటో చూద్దాం. పెట్రోలులో చాలా పదార్థాలు కలిసి ఉంటాయి. లెక్క సులువు కోసం అదంతా ఆక్టేన్ అనుకుందాం. ఆక్టేన్ అణువులో 8 కార్బన్ పరమాణువులు, 18 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. 114 గ్రాముల ఆక్టేన్ పూర్తిగా మండటానికి 400 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ నూటికి సుమారు 23.2 పాళ్లు. కాబట్టి కావలసిన గాలి సుమారు 1724 గ్రాములు. దీన్ని 114తో భాగించండి. 15.1 వస్తుంది. మామూలు పెట్రోలులో వేరే పదార్థాలు కూడా ఉంటాయి గనుక ఆ సంఖ్య సుమారు 14.7. అంటే ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్ల గాలి అన్నమాట. ఒక లీటరు పెట్రోలు మండాలంటే ఇంచుమించు 9000 లీటర్ల గాలి కావాలి!

గాలి తక్కువైతే కార్బన్ అంతా కార్బన్ డై ఆక్సైడ్‌గా మారదు. కొంత మసిగా మిగిలిపోతుంది. కొంత కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. అందుకే తలుపులు మూసిన గదిలో ఇంజను నడపటం ప్రాణాంతకం. ఇక గాలి మరీ ఎక్కువైతే ఇంజను తడబడుతుంది, వేడెక్కుతుంది.

ఈ పాళ్లు కుదిర్చే సాధనమే కార్బురేటరు. గాలి ఇరుకైన గొట్టంలోంచి పోయేటప్పుడు దాని వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గినచోట సన్నని రంధ్రం ఉంటే అందులోంచి పెట్రోలు తుంపరగా పైకి వస్తుంది. బెర్నౌలీ 1738లో ప్రచురించిన గ్రంథంలోని సూత్రమే ఇది. దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపులో జరిగేదీ ఇదే.

మా విద్యార్థి బాగుచేస్తున్న అంబాసిడరుకు ఒక గొప్ప చుట్టరికం ఉంది. 1959 నుంచి ఆ కారులో పెట్టిన 1489 సి.సి. ఇంజను ఇంగ్లండులోని బి-సిరీస్ అనే కుటుంబానికి చెందినది. 1955లో వచ్చిన ఎం.జి.ఏ. అనే ప్రసిద్ధమైన స్పోర్ట్స్ కారులోనూ ఆ కుటుంబపు 1489 సి.సి. ఇంజనే ఉండేది. అంబాసిడరుకు ఒక ఎస్.యు. కార్బురేటరు, దాని శక్తి సుమారు 50 హార్స్ పవరు. స్పోర్ట్స్ కారుకు రెండు ఎస్.యు. కార్బురేటర్లు, శక్తి సుమారు 70. తేడాకు కార్బురేటర్లు ఒక్కటే కారణం కాదు గాని, ఇంజను ఎంత ధారాళంగా గాలి పీల్చుకుంటే అంత శక్తి వస్తుందని దీనివల్ల తెలుస్తుంది.

ఎస్.యు. కార్బురేటరులో ఒక చిన్న పిస్టను పైకీ కిందికీ కదులుతుంది. దాని అడుగున మొన సన్నగా ఉన్న సూది ఒకటి ఉంటుంది. ఇంజను ఎక్కువ గాలి లాగినప్పుడు పిస్టను లేస్తుంది. దాంతోపాటు సూది కూడా లేచి పెట్రోలుకు దారి పెంచుతుంది. మిశ్రమం సరిగ్గా ఉందో లేదో పరీక్షించటానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఆ పిస్టనును ఒక మిల్లీమీటరు కంటే తక్కువ, అంటే అంగుళంలో ముప్ఫై రెండో వంతు, పైకెత్తి చెవి ఒగ్గాలి. ఇంజను వేగం పెరిగి అట్లాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తడబడి ఆగిపోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం కొంచెం పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయినట్టు. అప్పుడు జెట్టు కింద ఉన్న ఆరు పలకల నట్టును ఒక్కొక్క పలక చొప్పున తిప్పి సరిచేస్తారు. రెండు కార్బురేటర్లున్న కారులో అంతకుముందే మరో పని ఉంది. రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర, రెండో కొన ఒక్కొక్క కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, గాలి బుస రెండింటిలో ఒకేలా వినిపించేదాకా సరిచేస్తారు.

ఊహించటం, ఒక్క మార్పు చేయటం, ఫలితం చూడటం, మళ్లీ సరిదిద్దటం. పిల్లలూ, శాస్త్రీయ పద్ధతి అంటే ఇది కాక మరేమిటి?

అయితే షెడ్డులో అంతా సరిగ్గా ఉందని నేను అనటం లేదు. చెవి ఒక్కటే చాలదు. ఒకప్పుడు నా స్కూటరుకు మైలేజీ పెంచమని ఒక మేస్త్రిని పట్టుబట్టి అడిగాను. అతను వద్దంటూనే స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గించాడు. నెల తిరక్కుండా ఎండవేళ దారి మధ్యలో పిస్టను పట్టేసింది. తప్పు అతనిది కాదు, లెక్క తెలిసీ ఆశపడిన నాది.

ఇప్పుడు లెక్క అవసరం మరీ పెరిగింది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది. అందుచేత దానికి బరువులో 9 పాళ్ల గాలి చాలు. లెక్క వేస్తే 20 శాతం కలిపిన ఇంధనానికి 14.7 కాదు, సుమారు 13.5 పాళ్ల గాలి సరిపోతుంది. వెనుకటి పెట్రోలుకు కుదిర్చిన పాత కార్బురేటరు మాత్రం వెనుకటిలాగే గాలి కలుపుతుంది. అంటే మిశ్రమంలో గాలి నూటికి ఎనిమిది పాళ్లకు పైగా ఎక్కువైపోతుంది. రోహిణీ కార్తెలో మన గుంటూరు ఎండకు గాలి పలుచబడి దీనికి వ్యతిరేక దిశలో కొంత లాగుతుంది. 20 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతం తక్కువ. కార్బురేటరులో మిశ్రమం ఆ సాంద్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది గనుక తేడా 4 శాతం దగ్గర ఆగుతుంది. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న చెవికైనా ఈ సంగతులు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పవలసింది బడి కాదా?

"కార్బురేటరు కాలం అయిపోయింది కదా, ఇంకా ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.-6 నిబంధనలతో కొత్త మోటారు సైకిళ్లలో కూడా ఎలక్ట్రానిక్ ఇంజెక్షను వచ్చింది. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు చూసి చెబితే, చిన్న కంప్యూటరు పెట్రోలు కొలిచి పోస్తుంది. గాలి శుభ్రతకు అది మంచిదే. కాని ఆ పెట్టె మూసి ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో పిల్లవాడి కంటికి కనబడదు. కార్బురేటరు విప్పితే బెర్నౌలీ, ఆర్కిమెడీస్ ఇద్దరూ కనబడతారు. పెట్రోలులో తేలే ఫ్లోటు ఆర్కిమెడీస్ సూత్రమే కదా! పాత సామాను కొట్లలో అవి ఇంకా దొరుకుతున్నాయి. అవన్నీ కరిగిపోకముందే ప్రతి ఉన్నత పాఠశాల ఒకటి కొని, శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ప్రయోగశాల బల్ల మీద పెట్టాలని నా కోరిక. దాన్ని విప్పి చూపించటానికి ఊళ్లో ఉన్న మేస్త్రిని ఒక గంట పిలవాలి. పిల్లల ముందు ఆయనకు కుర్చీ వెయ్యాలి. ఆ గంట తరువాత సైన్సు మేస్టరు సమీకరణం రాయాలి. అప్పుడు చూడండి, అది ఎంత సులువుగా తుల్యమవుతుందో!

మీరు చేయగలిగిన పని కూడా ఒకటుంది. గ్లాసులో నీళ్లు పోసి ఒక స్ట్రా నిలబెట్టండి. దాని పైకొస మీదుగా మరో స్ట్రాతో అడ్డంగా గట్టిగా ఊదండి. నీళ్లు పైకి లేచి తుంపర అవుతాయి. అదే మీ మొదటి కార్బురేటరు. నీళ్లతోనే సుమా! పెట్రోలు జోలికి పోవద్దు.

ఆ రోజు షెడ్డులోంచి లేస్తూ నా పాత విద్యార్థితో అన్నాను: "ఒరేయ్, ఆ సమీకరణం నీకు రాలేదనుకున్నాను. నేనే సరిగ్గా చెప్పలేకపోయాను." అతను నవ్వి, "ఇప్పుడు చెప్పండి మేస్టారూ" అని నల్లబడిన ప్లగ్గు ఒకటి నా చేతిలో పెట్టాడు. అక్కడున్న ఒక అట్టపెట్టె మీద సుద్దముక్కతో రాసి చెప్పాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.