ఓటీపీ వద్దు.. వేలిముద్ర చాలు! కంపెనీ లేని సోషల్ మీడియా మునగాల దాకా రావాలంటే తేలాల్సింది లాగిన్ సంగతే

ఫోన్ పోయింది. సిమ్ మారింది. పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఫేస్‌బుక్ అయితే 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' అన్న చోట నొక్కితే ఏదో ఒక దారి దొరుకుతుంది. మరి ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని సోషల్ నెట్‌వర్క్‌లో ఖాతా పోతే ఎవరిని అడగాలి? మాస్టోడాన్, బ్లూస్కై, నాస్టర్ లాంటి వికేంద్రీకృత నెట్‌వర్క్‌లు ఊళ్ల దాకా రాకపోవడానికి ఒక పెద్ద కారణం ఇక్కడే ఉంది.

అసలు ఏంటీ వికేంద్రీకృత నెట్‌వర్క్?

ఇది సూర్యాపేట జిల్లా మునగాల వాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఒకప్పుడు చుట్టూ నిజాం రాజ్యం ఉంటే, మధ్యలో మునగాల పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా కింద ఉండేది. పాలన వేరు, చట్టాలు వేరు. అయినా పక్క ఊళ్లతో రాకపోకలు మామూలే. మాస్టోడాన్ కూడా అంతే. ఒక్కో సర్వర్‌కు ఒక్కో యజమాని, ఒక్కో రూల్. కానీ ఒక సర్వర్‌లోని మనిషి వేరే సర్వర్‌లోని మనిషిని ఫాలో అవ్వొచ్చు.

దీని అవసరం ఏంటో 2024 జులైలో తెలిసొచ్చింది. తెలుగులోనూ నడిచిన 'కూ' యాప్ అప్పుడే మూతపడింది. అక్కడ పోగేసుకున్న ఫాలోవర్లను వెంట తెచ్చుకునే దారి లేకుండా పోయింది.

గుమ్మం దగ్గరే చిక్కు

2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు సీనియర్ లాయర్ సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాను సస్పెండ్ చేయడంతో, మన దేశం నుంచి చాలామంది మాస్టోడాన్‌లో చేరారు. అయితే అక్కడ 'ఏ సర్వర్‌లో చేరతారు?' అన్నదే మొదట తేల్చుకోవాల్సిన విషయం. వేరే యాప్ నుంచి లాగిన్ అవ్వాలన్నా ముందు సర్వర్ అడ్రస్ కొట్టాలి. ఫోన్ నంబర్, ఓటీపీకి అలవాటు పడ్డ వాళ్లకు ఇది మింగుడు పడని వ్యవహారం.

నాస్టర్‌ది ఇంకో కథ. అక్కడ పాస్‌వర్డ్ ఉండదు, పొడవాటి రహస్య కీ ఉంటుంది. అది పోతే ఖాతా పోయినట్టే. ఎవరి చేతికైనా చిక్కితే మార్చుకునే వీల్లేదు.

పోనీ ఓటీపీ పెడితే? అదీ గట్టి తాళం కాదు. మాటల్లో పెట్టి ఓటీపీ చెప్పించుకునే మోసాలు రోజూ వింటున్నవే. పైగా వాడకుండా వదిలేసిన నంబర్ కొన్నాళ్లకు వేరే వాళ్లకు వెళ్తుంది. దాంతో పాటే ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి.

పాస్‌కీ ఎలా పనిచేస్తుందంటే..

పాస్‌కీ పెట్టుకుంటే రెండు కీలు తయారవుతాయి. రహస్య కీ యూజర్ దగ్గరే ఉంటుంది. దానికి జోడీ అయిన రెండోది సర్వర్‌కు వెళ్తుంది. వేలిముద్ర వేస్తే చాలు, లాగిన్ అయిపోతుంది. ఆ వేలిముద్ర ఫోన్ దాటి వెళ్లదు. ముఖ్యంగా నకిలీ వెబ్‌సైట్‌లో ఈ కీ పనిచేయదు. మోసగాడు ఎంత అడిగినా చెప్పడానికి ఇక్కడ అంకెలే ఉండవు. గూగుల్ 2023 మే నెలలో వ్యక్తిగత ఖాతాలకు, వాట్సాప్ అదే ఏడాది అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ ఫోన్లకు దీన్ని ఇచ్చాయి.

ఇక బ్లూస్కై 2024లో ఓఆథ్ పద్ధతి తెచ్చింది. అంటే కొత్త యాప్ ఏదైనా వాడేటప్పుడు ఆ యాప్‌కు పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు. సొంత సర్వర్ పేజీలో 'సరే' అంటే సరిపోతుంది. మాస్టోడాన్‌లో పాస్‌వర్డ్‌కు తోడుగా ఆథెంటికేటర్ కోడ్, సెక్యూరిటీ కీ పెట్టుకోవచ్చు.

అయితే మెలిక ఇక్కడే

పాస్‌కీలు ఎక్కువగా గూగుల్, యాపిల్ ఖాతాల్లోనే బ్యాకప్ అవుతాయి. పెద్ద కంపెనీలు వద్దనుకుని బయటికొచ్చిన మనిషి తాళంచెవి మళ్లీ వాళ్ల దగ్గరే పెట్టినట్టు. విడిగా పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకునే వీలుంది కానీ, అది తెలిసిన వాళ్లు తక్కువ.

రెండోది.. పాస్‌కీ ఆ సర్వర్ అడ్రస్‌కే కట్టుబడి ఉంటుంది. సర్వర్ మూతపడితే తాళంచెవి చేతిలో ఉన్నా తలుపు ఉండదు. మాస్టోడాన్‌లో సర్వర్ మారితే ఫాలోవర్లు వస్తారు, పాత పోస్టులు రావు. అదీ పాత ఖాతా తెరుచుకుంటేనే.

మూడోది ఇంటి సంగతి. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్, లాక్ పిన్ అందరికీ తెలుసు. ఆ పిన్‌తో పాస్‌కీ కూడా తెరుచుకుంటుంది. ఇక అది ఒక్కరి తాళం ఎలా అవుతుంది?

అంటే లాగిన్ సులువైతే సగం పనే అయినట్టు. ఖాతా పోతే తిరిగి తెచ్చుకునే దారి కూడా అంతే సులువుగా ఉండాలి. కంపెనీ లేని చోట ఆ దారిని ముందే వేసుకోవాల్సింది యూజరే. దాన్ని తెలుగులో, రెండు మూడు నొక్కుల్లో అయ్యేలా ఇచ్చే నెట్‌వర్కే మునగాల లాంటి ఊళ్లలో నిలబడుతుంది.

ఇప్పటికైతే ఇవి మర్చిపోవద్దు

* రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపుకోవద్దు.
* పాస్‌కీని రెండు చోట్ల పెట్టుకోండి. ఒక ఫోన్ పోయినా ఇంకోటి ఉంటుంది.
* పాత నంబర్ వదిలేసే ముందు అన్ని ఖాతాల్లో కొత్తది మార్చండి.
* మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.