ఒంటికాలికి బంతి తలకాయ ఎందుకు?

మోనోపాడ్‌కి బాల్ హెడ్ కొనమనే మహానుభావులకో దణ్ణం. వాళ్ళ మాట విని నేనూ కొన్నా. కల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరి, బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన రోళ్ళపాడు గడ్డిలో కృష్ణజింకల ముందు నాబ్ వదులు చేశానో లేదో, 300 ఎంఎం లెన్సు ముక్కు నేలకేసి వాలిపోయింది. జింకలు తుర్రు!

అసలు లెక్క చూడండి. పక్కలకి తిప్పాలంటే కర్రే తిరుగుతుంది. నిలువు ఫ్రేముకి లెన్సు కాలర్ ఉండనే ఉంది. ఇక మిగిలింది పైకీ కిందకీ వంచడమే కదా! దానికి మాన్‌ఫ్రాటో 234 లాంటి ఒట్టి టిల్ట్ హెడ్ చాలు. కాలర్ లేని చిన్న లెన్సా? కెమెరాని హెడ్ మీద అడ్డంగా బిగించి 90 డిగ్రీలు వాల్చండి, అయిపాయె. గింబల్ అంటారా, మోసే ఓపికుంటే మీ ఇష్టం.

మూడుకాళ్ళదాని సంగతి వేరు, అది తనంతట తాను తిరగదు. నా బాల్ హెడ్ ఇప్పుడు దాని మీదే ఉంది.